యాదవ్వ పెట్టిన షర్తు

మూడో రోజు పొద్దున కూడా యాదవ్వ వాకిట్లో మూడు రాళ్లు పెట్టుకుని తన జొన్న గటక తానే వండుకుంది.

లోపల వంటింట్లో పొయ్యి మండుతూనే ఉంది. కోడలు నర్మద చేసిన అన్నం, పప్పుచారు మూతల కింద చల్లారిపోతున్నాయి. అత్త అటు కన్నెత్తి చూడలేదు. మాట్లాడితే తగువవుతుంది, తగువైతే ఎప్పటికో రాజీ కుదురుతుంది. యాదవ్వకు ఆ సంగతి బాగా తెలుసు. అందుకే నోరు కట్టేసుకుని పొయ్యి వేరు చేసింది.

నాంపల్లి స్టేషన్ వెనక ఆ వాడలో వేరు పొయ్యి అంటే చిన్న మాట కాదు. నల్లా దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్లు నీళ్లు నిండి పొర్లిపోతున్నా చూసుకోకుండా ఇటే చూస్తున్నారు. జనవరి చలిలో అంతకంటే వెచ్చని వేడుక వాళ్లకు మాత్రం ఏముంటుంది?

దుర్గయ్య గూడ్స్ షెడ్డులో పనికి పోవాలి. తల్లి పొయ్యికీ పెళ్లాం పొయ్యికీ మధ్య కాలుగాలిన పిల్లిలా నాలుగుసార్లు తిరిగాడు.

"ఇంతకు నువ్వేమన్నవు అవ్వను?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమనలే. మంగళవారం నాడు దోస్తులతోని పోతనన్న. ఔ, పో బిడ్డా అన్నది. చెద్దరు కప్పుకపో, చలి పెడ్తది అని గూడ అన్నది."

"మరి?"

"బెత్సీ టీచర్ రాసిచ్చిన కాయితం సదివి ఇనిపిచ్చిన. పొద్దుగాల బాగేఆం తోటల తిరుగుడంటే మంచిగనే ఇన్నది. ఆబిడ్స్‌ల దుకాణాలు చూసుడంటే నవ్వింది. పగటీలి మొజంజాహీ మార్కెట్‌ల ఐస్ తినుడు అన్నంగనే లేసి బయటికి పోయింది. గంతే."

"చలికాలంల ఐస్ అంటే ఎవలకైనా కోపమొస్తది."

"ఐస్ కోసం పొయ్యి వేరు వెడ్తరా ఎవరన్న?"

దుర్గయ్య అన్నం మూట తీసుకుని గూడ్స్ షెడ్డుకు వెళ్లిపోయాడు.

నర్మదకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ ఇంటికి వచ్చి మూడేళ్లయింది. ప్రతి చలికాలం గోడ అవతల ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ దీపాలు వెలుగుతాయి. మైకులో పాటలు, తప్పిపోయిన పిల్లల పేర్లు ఈ వాకిలి దాకా వినిపిస్తాయి. ఆ పిల్లల పేర్లు నర్మదకు వచ్చు, లోపల ఏముందో మాత్రం తెలియదు. స్టేషన్ రోడ్డు మీది చర్చి హాల్లో నడిచే కుట్టు క్లాసు తప్ప హైదరాబాదులో ఆమె ఎరిగిన చోటు మరొకటి లేదు.

ఆ క్లాసులోనే దోస్తులు దొరికారు. కుట్టు నేర్పే బెత్సీ మెదక్ పిల్ల. మాబెల్ సికింద్రాబాదులో టైపు చేస్తుంది, సాయంత్రాలు జాకెట్లు కుట్టడం నేర్చుకుంటుంది. ముగ్గురూ కలిసి ఒక్క రోజు, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా, ఊరంతా తిరగాలని దసరా నుంచి అనుకుంటున్నారు. ఇప్పుడు బెత్సీకి మెదక్ బడికి బదిలీ అయింది. బుధవారం బస్సు. నుమాయిష్‌లో ఆడవాళ్ల రోజు మంగళవారం. అది దాటితే ఇక ఆ రోజు లేదు, ఆ దోస్తు ఉండదు.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం సుల్తాన్ బజార్ నుంచి పెద్దకొడుకు వెంకటనర్సయ్య సైకిలు మీద దిగాడు. ఏదో కచేరీలో జమేదారు. ఆఫీసులో ఫైళ్లు మోసేవాడే గాని, ఇంట్లో మాత్రం తీర్పులు చెప్పేవాడు.

"ఏందవ్వా గీ రాళ్లు?" అన్నాడు సైకిలు గోడకు ఆనించి.

యాదవ్వ గటక కలుపుతూనే ఉంది.

"మాట్లాడదు బావా. మూడు దినాలాయె," అంది నర్మద.

"ఆమె మాట్లాడకపోతే నేను మాట్లాడ్త. మీరు మంగళవారం పోయే ముచ్చట దుర్గిగాడు మొన్ననే చెప్పిండు. ఆడివిల్లలు ఒక్కలే ఊరు తిరుగుడేంది? అవ్వ కోపం గదే. అందుకని నేనే మిమ్మల్ని తోలుకపోత. మంగళవారం రజా పెట్టిన. శేర్వాణీ ఇస్త్రీ చేపిచ్చిన. మా ఆఫీసుల అంతా ఆంధ్రతోని కలుపుతరా, కలుపరా అని ఒక్కటే ముచ్చట. నేను మాత్రం మా ఇంటోళ్లను నుమాయిష్‌కు తీస్కపోతున్న అని సాహెబ్‌కు గూడ చెప్పిన."

నర్మద నోరు తెరిచేలోపు బయట గేటు చప్పుడైంది. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది బెత్సీ, చేతిలో బైబిలు సంచి అలాగే ఉంది. తెల్లచీర అంచు మీద స్టేషన్ రోడ్డు దుమ్ము. ఆమె ఈ ఇంటికి రావడం ఇదే మొదలు. వాకిట్లో మూడు రాళ్లనూ, మూడు ముఖాలనూ చూసి గుమ్మం బయటే ఆగిపోయింది.

"రా టీచర్, గీడ కూసో," అని నర్మద పీట వేసింది.

"మంచిగ వచ్చినవు టీచరమ్మా," అన్నాడు వెంకటనర్సయ్య గొంతు సవరించుకుని. "ఫికర్ చెయ్యకున్రి. మంగళవారం మీ ముగ్గురి ఎంబడి నేనుంట."

బెత్సీ నర్మద వైపు చూసింది. నర్మద నేల వైపు చూసింది.

"అన్నా, మీరు వస్తామన్నందుకు సంతోషం," అంది బెత్సీ మెల్లగా. "కానీ మంగళవారం ఆడవాళ్ల రోజు. మగవాళ్లను లోపలికి రానియ్యరు."

"ఇంటాయనను గూడనా?"

"ఎవ్వరినీ రానియ్యరన్నా. నిరుడు మా నాయన నన్ను దింపడానికి వచ్చి, ఐదు గంటలు గేటు బయట పల్లీలు తింటూ కూర్చున్నాడు. పాస్టరునని చెప్పినా వినలేదు."

వెంకటనర్సయ్య మొహం చూడాలి అప్పుడు. రజా పెట్టాడు, శేర్వాణీకి ఇస్త్రీ చేయించాడు, సాహెబుకు చెప్పాడు. ఇంత చేసినవాడు ఆ రోజు ఎవరిదో మాత్రం కనుక్కోలేదు. ఆడవాళ్ల రోజుకు ఆడవాళ్లను తోలుకుపోతానని కచేరీ అంతా టాంటాం వేసి వచ్చాడు.

"గట్లయితే పోవుడే వద్దు," అన్నాడు చివరికి. "మొగోడు లేని కాడికి ఆడివిల్లల్ని ఎట్ల పంపుతం?"

నర్మద తల ఎత్తింది. బావ ఎదుట ఆమె ఇంతవరకు పదిమాటలు కలిపి మాట్లాడింది లేదు.

"బావా, ఒక్కమాట అడుగుత, కోపం చేయకున్రి. ఆడోళ్లు ఒక్కలే బయటికి పోవద్దని ఎందుకంటరు?"

"ఎందుకేంది. మొగోళ్లు తిరుగుతుంటరు."

"మరి మొగోళ్లే లేని జాగ నుమాయిష్. గాడికి పోనియ్యకపోతే ఇగ యాడికి పోవాలె మేము?"

వెంకటనర్సయ్య సైకిలు గంట తుడవడం మొదలుపెట్టాడు. బెత్సీ సంచిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది, నవ్వు కనపడకుండా.

"నుమాయిష్‌లంటే ఉండరు. తొవ్వల ఉంటరు గదా," అన్నాడు తుడుస్తూనే. జమేదారు ఊరికే ఓడిపోడు. "పెద్దమనిషి ఎవలన్న ఆడామె ఎంబడి ఉండాలె. అట్లయితే నేను ఒప్పుకుంట."

ఆ ఇంట్లో పెద్ద ఆడమనిషి ఒక్కతే. ముగ్గురూ పొయ్యి వైపు చూశారు.

యాదవ్వ గరిటె గిన్నె అంచు మీద పెట్టింది. మూడు రోజుల తర్వాత ఆమె గొంతు వినపడింది.

"నేను రాను. ఆమె పోదు."

"మార్కెట్ మాట కొట్టేస్త అత్తమ్మా," అంది నర్మద. "ఐస్ వద్దు. మిగిలినయి చూసొస్తం."

"ఆబిడ్స్‌కు ఎటుకెళ్లి పోతవ్?"

నర్మద ఆలోచించింది. నాంపల్లి నుంచి ఆబిడ్స్‌కు దారి మార్కెట్ ముందు నుంచే. యాదవ్వ మళ్లీ గరిటె తీసుకుంది.

వెంకటనర్సయ్య సైకిలెక్కి వెళ్లిపోయాడు. బెత్సీ గేటు దాకా నడిచి ఆగింది.

"మీ ఇంట్లో గొడవ పెట్టి పోవడం నాకు ఇష్టం లేదు నర్మదా. మనం ఇంకెప్పుడైనా..."

"ఇంకెప్పుడు? బుధవారం నువ్వు మెదక్ బస్సెక్కినంకనా?" అంది నర్మద. "మంగళవారం ఎనిమిది గంటలకు మాబెల్‌ను తీస్కొని రా. నేను తయారుంట."

ఎలా తయారుంటుందో ఆమెకే తెలియదు. మాట మాత్రం గట్టిగా వచ్చేసింది.

బెత్సీ వెళ్లాక నర్మద వంటింట్లోకి పోలేదు. పళ్లెం తెచ్చుకుని అత్త ఎదురుగా మూడు రాళ్ల పక్కన చతికిలబడింది.

"నీ పొయ్యి మీది గటక నాకింత పెట్టు."

యాదవ్వ ఆమె ముఖంలోకి చూసింది. వేరు పొయ్యి పెట్టినదాని గిన్నెలో చెయ్యి పెట్టడం తగువులో లేని పద్ధతి. ఆకలన్న మనిషికి లేదనడం యాదవ్వకూ చేతకాదు. గరిటెడు వేసింది. పైన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పెట్టింది.

నర్మద ఉల్లిగడ్డ కొరుక్కుంటూ సగం గటక తినేసింది.

"ఆ మార్కెట్ ఉన్నది గదా," అంది యాదవ్వ. కోడలితో కాదు, నిప్పుతో మాట్లాడుతున్నట్టు. "గా గోడలకు సున్నం మోసిన. నేను, పోశవ్వ. మాది ఒక్కటే ఊరు. ఒక్కటే గుడిసె. తట్ట నిండినంక ఎవల నెత్తికి వాళ్లు ఎత్తుకోరాదు బిడ్డా, ఒకలకొకలు ఎత్తాలె. మేము జోడీ."

"పోశవ్వ ఎవలు? నువ్వెన్నడు చెప్పలే."

"ఎట్ల చెప్త? ఒకనాడు నా కాలు జారింది. తట్ట పోయి, చెక్కి పెట్టిన రాయి మీద పడ్డది. అంచు ఇరిగింది. ఎవలు పడేసిన్రు అని మేస్త్రీ ఉరికొచ్చిండు. దుర్గయ్య నా కడుపుల ఏడు నెలలు. పని పోతే ఏం తినాలె? నేను నోరు తెరవలే. పోశవ్వ దిక్కు చూసిన, గంతే. నేను చూసింది చూసి, ఆమెనే అనుకున్నడు మేస్త్రీ. గా పూటనే పనికెళ్లి తీసేసిండు."

"ఆమె ఏమనలేదా?"

"అనలే. అంటే మంచిగుండు." యాదవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇరవై ఏండ్లు దాటింది. గిప్పుడు గా మార్కెట్ మెట్ల కాడనే జామకాయల గంప పెట్టుకొని కూసుంటది. దూరంకెళ్లి చూసిన. అప్పటిసంది బేగం బజార్ పోవాలన్నా చుట్టు తిరిగి పోత. నువ్వు పోతవు. జామకాయ కొంటవు. ఎవల కోడలువు బిడ్డా అని అడుగుతది. నా పేరు చెప్తవు."

ఇరవై ఏళ్లు మోసిన మాట అది. విన్న కోడలు జాలిపడి, అత్త చెయ్యి పట్టుకుని, పోనీలే నేను పోనులే అని ఉండవలసింది. మంచి కోడళ్లు అలాగే అంటారట. నర్మదకు జాలి కలిగింది గాని కోపమూ పోలేదు.

"నీకు తప్పు చేసిన అని ఉంటే నువ్వు పోయి చెప్పు అత్తమ్మా. నీ భయానికి నా పొద్దు ఎందుకు ఆగాలె? నాకున్నోళ్లు ఇద్దరు దోస్తులు. ఒకామె బుధవారం పోతది. మూడేండ్లల నేను అడిగింది ఒక్క పొద్దు."

యాదవ్వ నిప్పుల మీద నీళ్లు చల్లింది. నర్మద పళ్లెం కడిగి లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం గోడ అవతల దీపాలు వెలిగాయి. మైకులో ఎవరో ఒక పిల్ల పేరు మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉన్నారు.

సోమవారం పొద్దున నర్మద లేచేసరికి వాకిట్లో రాళ్లు లేవు. అలికి ముగ్గు వేసి ఉంది. యాదవ్వ వంటింట్లో పీట మీద కూర్చుని, నర్మద పొయ్యి మీద చాయ్ కాస్తోంది.

"నేనొస్త," అంది తిరగకుండానే. "నాదొక షర్తు ఉన్నది. ముందు గా మార్కెట్ కాడికే పోవాలె. బాగేఆం కంటే ముందు, అన్నిటికంటే ముందు. ఆలిశమైతే నాకు ధైర్నం చాలదు."

"పొద్దుగాల ఎనిమిది గంటలకు ఐసా?" అన్నాడు దుర్గయ్య.

"నిన్నెవలన్న అడిగిన్రా?" అన్నారు అత్తాకోడళ్లు ఇద్దరూ ఒక్కసారే. నాలుగు రోజుల తర్వాత వాళ్లు కలిసి అన్న మొదటి మాట అదే.

మంగళవారం పొద్దున స్టేషన్ గడియారం కూడా కనపడనంత మంచు. బెత్సీ పూరీల డబ్బా తెచ్చింది. మాబెల్ ఎర్ర స్వెట్టరు వేసుకుని, ముక్కు కూడా అదే రంగులో పెట్టుకుని వచ్చింది. వెంకటనర్సయ్య రానే వచ్చాడు, ఇస్త్రీ శేర్వాణీ దండగ కాకుండా మలుపు దాకా సాగనంపుతానని. యాదవ్వ ఉతికిన నీలం చీర కట్టి, కాళ్లకు వెండి కడియాలు తోమి పెట్టుకుంది. ముందు ఆమె, వెనక ముగ్గురు. నల్లా దగ్గర ఆడవాళ్లకు ఆ రోజు కూడా బిందెలు పొర్లాయి.

మొజంజాహీ మార్కెట్ గోపురం మంచులోంచి మెల్లగా తేలింది. పండ్ల దుకాణాల వాళ్లు అప్పుడే తడిగోనెలు తీస్తున్నారు. మెట్ల పక్కన ఒక నెరసిన తల వంగి జామకాయలు పేర్చుకుంటోంది. పక్కన పూలమ్మే శంకరమ్మ దారం నములుతోంది.

యాదవ్వ కడియాల చప్పుడు ఆగిపోయింది. ఈ మనిషి ఇక్కడే వెనక్కి తిరిగితే ఐస్ లేదు, బాగేఆం లేదు, నుమాయిష్ లేదు, ఇంట్లో మళ్లీ మూడు రాళ్లు. నర్మద బెత్సీ చెయ్యి పట్టుకుని నిలబడింది.

యాదవ్వ నాలుగడుగులు వేసి గంప ముందు నిలబడింది. మూడు రోజులు మాట్లాడకుండా ఉండగలిగిన మనిషికి అప్పుడు నోటికి వచ్చిన మాట ఇది:

"జామకాయలు ఎట్లిస్తున్నవు?"

"కొనేటోళ్లయితే చెప్త," అంటూ పోశవ్వ తల ఎత్తింది. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

శంకరమ్మ దారం నమలడం మానేసింది.

"తట్ట పడేసింది నేను," అంది యాదవ్వ గట్టిగా. అరటిపండ్ల దుకాణంలోంచి ఇద్దరు తొంగి చూశారు. "ఇగో, నా కోడలు. దాని ముందర చెప్తున్న. గీ టీచరమ్మ ముందర చెప్తున్న. పడేసింది నేను. నోరు మూసుకున్నది నేను."

"నాకు తెల్వదా? నీ ఎన్కనే ఉంటి గదా," అంది పోశవ్వ.

ఆ గొంతులో కోపం ఉందో, అలసట ఉందో నర్మదకు అర్థం కాలేదు.

"రెండేండ్లు బేగం బజార్ల ఎండుమిరపకాయలు చెరిగిన. కండ్లు మండినప్పుడల్ల నీ పేరు వెట్టి తిట్టిన. నీకెన్నడు పొలమారలేదా?"

"మారింది. ఇప్పుడు మొఖం మీదనే తిట్టు."

"గిట్ల నిలవడి తిడితే తనివి తీరుతదా?"

ఇక ఇక్కడే పొద్దుగూకేట్టుంది. నర్మద ముందుకు వచ్చింది.

"పోశవ్వత్తా, మేము లోపల ఐస్ తినడానికి వచ్చినం. నువ్వు గూడ రా. గాడ కూసొని తిట్టు. మేము అడ్డమొస్తే అడుగు."

పోశవ్వ ఆ పిల్లను కింది నుంచి పైకి చూసింది. తర్వాత మెట్ల వైపు చూసింది.

"ఎన్నేండ్లాయెనో గీ మెట్ల మీద కూసుంట. లోపల కుర్చీల కూసోమని ఎవ్వలు పిలువలే," అంది. "శంకరమ్మా, గంప జర చూస్తవా?"

"ఎంతసేపు?"

పోశవ్వ నర్మద వైపు తిరిగింది. "ఎంతసేపు బిడ్డా?"

"పొద్దుగూకెదాక," అంది నర్మద, ఎవరినీ అడగకుండానే. "ఇప్పుడు ఐస్. ఎన్క బాగేఆం. ఎన్క ఆబిడ్స్. పొద్దుమీకి నుమాయిష్. గియ్యాల ఆడోళ్ల రోజు."

"మొగోళ్లుండరా గాడ?"

"ఒక్కలు గూడ ఉండరు."

"మంచిగైంది. కడుపునిండ తిట్టుకోను జాగ దొరికింది."

మాబెల్ కిసుక్కున నవ్వింది. బెత్సీ నవ్వు ఆపుకోలేదు ఈసారి. పోశవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని, ఎవరికోసమూ ఆగకుండా మెట్లెక్కింది. నర్మద అత్త మోచెయ్యి పట్టుకుంది. యాదవ్వ కాళ్లు ముందుకే నడుస్తున్నాయి. ఇంత గెలుపు తనదేనని నర్మదకు అప్పుడు తెలిసింది. ఒక్క రోజు అడిగితే, ఆ ఒక్క రోజు ఇంకో ఇద్దరికి కూడా సరిపోయింది.

ఐస్ దుకాణంలో బల్లలు ఇంకా తుడుస్తున్నారు. పోశవ్వ నడిమి బల్ల దగ్గర మొదటి కుర్చీలో కూర్చుంది. చేతులు రెండూ బల్ల మీద చాచి పెట్టింది. గుమ్మం దగ్గర ఆగిపోయిన యాదవ్వను చూసింది.

"మాఫ్ చేసిననుకునేవు. ఇంకా చెయ్యలే," అంది. పక్క కుర్చీ ఇవతలికి లాగింది. "కూసో."